ప్రమాణాల మిల్లు

పెద్దమనిషి అనిపించుకోవడానికి మూడు కావాలి. చెప్పుకోవడానికి గుర్రమెక్కి తిరిగిన ముత్తాత ఒకడు. రాసుకోవడానికి చిట్టా పుస్తకం ఒకటి. ఊరి ఖజానా తాళాలుండే గదిలో కుర్చీ ఒకటి. గుణగణాల సంగతి తరవాత చూసుకోవచ్చు. శిలాఫలకం చెక్కేవాడికి పూర్తి కూలి ఇస్తే వాడే నాలుగు కలిపి చెక్కుతాడు.

జర్మన్ దేశపు న్యూరెంబర్గ్ నగరంలో శ్రీమాన్ ఉల్మాన్ స్ట్రోమర్ గారికి ఈ మూడూ దండిగా ఉన్నాయి. 1329 జనవరి 6న పుట్టారు, 1407 ఏప్రిల్ 3న పోయారు. ఈ డెబ్బై ఎనిమిదేళ్ళ మధ్య దేశదేశాల్లో వ్యాపారం చేశారు, నగర సభలో ముందు వరుసలో కూర్చున్నారు, జర్మన్ నేల మీద మొట్టమొదటి కాగితపు మిల్లు పెట్టారు. కాగితం చరిత్ర రాసేవాళ్ళెవరైనా ఆయనకి ఒక దణ్ణం పెట్టి గాని కలం ముంచరు. మనమూ పెడదాం, పోయేదేముంది. పెట్టేముందు ఆ మహానుభావుడి చేతిలో ఏముందో ఒక్కసారి తొంగి చూద్దాం.

చేతిలో ఉన్నది పుస్తకం. తన వంశాన్ని గురించీ, తన కాలంలో జరిగిన విశేషాలను గురించీ 1360లో ఆయన సొంతంగా రాయడం మొదలుపెట్టిన చిన్న పుస్తకం. జర్మన్ భాషలో ఒక గృహస్థు తన ఇంటి కథ తానే రాసుకున్న తొలి పుస్తకాల్లో ఇదొకటి. అందులో రైఖెన్‌బాఖ్ గెర్‌హార్డ్ అనే వీరుడు మూలపురుషుడు. మిరియాల మూటలు మోసి డబ్బు చేసిన కుటుంబానికి మూలపురుషుడు మాత్రం కవచం తొడుక్కున్నవాడే అయి ఉండాలి. తక్కెడ పట్టుకున్న తాతని ఏ దేశంలోనూ గోడకి తగిలించుకోరు. ఆ తరవాత ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరి కూతుర్ని ఎవరింటికిచ్చారు, ఎవరు పోయారు. ఊళ్ళో మర్యాదస్తుల కుటుంబాలు ఏవేవి. ఇంకో చోట పరాయి రేవుల్లో తూనికలు ఎంత, కొలతలు ఎంత, సుంకాలు ఎంత. మనుషులకీ సరుకుకీ ఒకటే పుస్తకం చాలింది. సరుకు విషయంలో నాణ్యత కూడా చూసేవారు, అంతే తేడా.

ఆ పుస్తకం చదివినా, ఆ ఊరి కథ చదివినా ఒక వస్తువు మాటిమాటికీ ఎదురవుతుంది. అది ప్రమాణం. పని నేర్చుకున్నవాడు ప్రమాణం చేస్తాడు. పని నేర్పడానికొచ్చినవాడు ప్రమాణం చేస్తాడు. రాజు అభయమిస్తాడు, చక్రవర్తి ముద్ర వేస్తాడు. అందరూ మాటిచ్చేవాళ్ళే. నిలబెట్టుకోవలసింది ఎవరన్నదే అసలు ప్రశ్న. స్ట్రోమర్ గారి న్యూరెంబర్గ్‌లో దానికి జవాబు తిరుగులేకుండా తేలిపోయింది: ప్రమాణం కిందివాడు చేస్తే సంకెల, పైవాడు చేస్తే సరుకు. ఒకటి కాలికి వేస్తారు, రెండోది బజారులో అమ్ముతారు. ఈ ఒక్క సూత్రం అర్థమైతే ఆ మహానుభావుడి జీవితచరిత్ర చేతికందినట్టే.

బజారు దగ్గర్నుంచే మొదలుపెడదాం.

1348 జూన్‌లో న్యూరెంబర్గ్‌లో చేతివృత్తులవాళ్ళకి ఒక వెర్రి ఆలోచన వచ్చింది. ఊరు నడిపేది మా చేతులైతే ఊరి పెత్తనంలో మాకూ వాటా ఉండాలి కదా అన్నారు. పాత సభని తరిమేసి తామే కూర్చున్నారు. ఏడాది పైచిలుకు కూర్చున్నారు కూడా. 1349లో నాలుగో చార్ల్స్ రాజు వచ్చి పాతవాళ్ళని పాత కుర్చీల్లో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచి ఆ ఊళ్ళో వృత్తి సంఘాలు బందు. జర్మన్ నగరాలు చాలా వాటిలో కంసాలికీ కసాయికీ చర్మకారుడికీ సొంత సంఘం, సొంత జెండా, సొంత పెట్టె ఉంటే, న్యూరెంబర్గ్‌లో మాత్రం వాళ్ళ మంచిచెడ్డలన్నీ సభే దయతో చూసుకునేది. ఎంత దయ అంటే, తరవాతి రోజుల్లో నలభై రెండు మంది సభలో ఎనిమిది కుర్చీలు వృత్తులవాళ్ళకి వేశారు. మిగతా ముప్ఫై నాలుగు పెత్తందారు కుటుంబాలవి. ఎనిమిది మందీ వచ్చి కూర్చోవచ్చు, వినవచ్చు, తల ఊపవచ్చు. అడ్డంగా ఊపినా నిలువుగా ఊపినా లెక్క ముప్ఫై నాలుగు దగ్గరే తేలుతుంది.

పాత కుర్చీలు తిరిగొచ్చాక పాత పెద్దలకి ఊరు కాస్త ఇరుకనిపించింది. మధ్యలో పెద్ద అంగడి చౌకు లేదు. ఆ మధ్యలో యూదులవాడ ఉంది. ఇళ్ళున్నాయి, ప్రార్థనా మందిరం ఉంది, అందులో మనుషులున్నారు. ఈ మనుషులు చట్టం దృష్టిలో రాజుగారి సొంత మనుషులు. 1342 నుంచి పన్నెండేళ్ళు దాటి ఇరవై గుల్డెన్ల ఆస్తి ఉన్న ప్రతి యూదుడూ ఏడాదికో బంగారు గుల్డెన్ రాజుకి కడుతున్నాడు. దేనికి? రక్షణకి. కంచే చేను మేసిందని మనం చాలా తేలిగ్గా అనేస్తుంటాం. ఇక్కడ కంచె ముందుగా చేను దగ్గర కాపలా కూలి వసూలు చేసుకుని, ఆ తరవాత మేతకి టెండర్లు పిలిచింది.

టెండర్ల వివరాలు తేదీలతో సహా ఉన్నాయి. 1349 జూన్‌లోనే చార్ల్స్ రాజు బ్రాండెన్‌బర్గ్ ప్రభువు లుడ్విగ్‌కి ఒక దానపత్రం రాసిచ్చాడు. న్యూరెంబర్గ్ యూదుల ఇళ్ళలో శ్రేష్ఠమైన మూడు ఏరుకోవచ్చు. ఎప్పుడు? అక్కడి యూదుల్ని ఈసారి చంపినప్పుడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే నవ్వుతాం గాని, చావు లేదు శవం లేదు, ఇంటికి మాత్రం వారసుడు సిద్ధం. అక్టోబర్‌లో ఇంకో కాగితం: యూదులకేదైనా జరగరానిది జరిగితే సభది బాధ్యత కాదు. నవంబర్ 16న మూడో కాగితం: యూదుల ఇళ్ళు పడగొట్టి చౌకులు వేసుకోవచ్చు, ప్రార్థనా మందిరం ఉన్నచోట మేరీమాతకి చర్చి కట్టవచ్చు. ఈ మూడో కాగితాన్ని ఊరి తరఫున రాజు దగ్గర సంపాదించుకొచ్చిన పెద్దమనిషి పేరు ఉల్‌రిఖ్ స్ట్రోమర్. అవును, అదే వంశం.

డిసెంబర్ 5న పని పూర్తయింది. యూదుల స్మృతి గ్రంథంలో ఆ రోజు చనిపోయినవాళ్ళు 562 మంది. ఆ ఏళ్ళలో యూరప్ అంతటా మహమ్మారి పేరు చెప్పి, బావుల్లో విషం కలిపారన్న నింద మోపి యూదుల్ని చంపారు. న్యూరెంబర్గ్ పెద్దలు ఆ అబద్ధం కోసం కూడా పెద్దగా శ్రమపడలేదు. వాళ్ళకి కావలసింది స్థలం. రాసిచ్చిన కాగితాలలో ఆ మాట దాచుకోలేదు కూడా. కపటం లేని పెద్దమనుషులు.

ఉల్మాన్ గారికి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆయన చెయ్యి ఇందులో ఉందని ఎవరూ అనలేదు, మనమూ అనం. వారసత్వం అంటే అదే కదా: చెయ్యి తడవకుండా చేతికొచ్చేది. ఆయన పెద్దవాడై నడిచిన చౌకు అదే, మొక్కుకున్న చర్చి ఆ చౌకులోదే.

ఊళ్ళో డబ్బు తిరగాలంటే అప్పిచ్చేవాడు కావాలి. కాబట్టి మూడేళ్ళు తిరక్కుండానే, 1352 నుంచి, యూదుల్ని మళ్ళీ రానిచ్చారు. మళ్ళీ పన్ను, మళ్ళీ అభయం, మళ్ళీ రాజముద్ర. కాల్చిన చోటికి ఎందుకు తిరిగొచ్చారని అడిగేవాళ్ళుంటారు. మిగతా ఊళ్ళు కాల్చలేదనుకుంటే ఆ ప్రశ్న అడగవచ్చు.

1361 ఫిబ్రవరి 26న అదే న్యూరెంబర్గ్‌లో చార్ల్స్‌కి కొడుకు పుట్టాడు. వెంట్సెల్ అని పేరు పెట్టారు. అప్పటికి చక్రవర్తి అయిన తండ్రి మురిసిపోయి బిడ్డ బరువుకి సరితూగే బంగారం, పదహారు మార్కులు, ఆఖెన్ చర్చికి పంపించాడు. పుట్టీ పుట్టగానే తక్కెడలో తూగిన బిడ్డ పెద్దయ్యాక దేన్ని చూసినా ధర అడగడంలో వింత లేదు. ఆ వెంట్సెల్ రాజయ్యాడు, ఖర్చులు పెరిగాయి, 1385 వచ్చింది.

1385 జూన్ 12న ఉల్మ్ నగరంలో రాజుకీ ముప్ఫై ఎనిమిది నగరాలకీ ఒప్పందం కుదిరింది. నగరాలన్నీ కలిసి రాజుకి నలభై వేల గుల్డెన్లు ఇస్తాయి. బదులుగా రాజు యూదుల అప్పుల పద్దుని నగరాలకి వదిలేస్తాడు. నాలుగు రోజులు తిరిగేసరికి, జూన్ 16న, ఊరూరా యూదుల్ని ఒకేసారి పట్టి బంధించారు. అంతమంది సభ్యులున్న అన్ని సభలు నాలుగు రోజులపాటు నోరు మూసుకున్నాయంటే అది చరిత్రలో చెప్పుకోదగ్గ విశేషమే. మంచి పనికి ఇంత రహస్యం, ఇంత ఐకమత్యం ఏనాడూ కుదరవు.

లెక్క ఎలా వేశారో చూడండి, వ్యాపారులు కూర్చుని వేసిన లెక్క. ఏడాది లోపు అప్పయితే వడ్డీ కొట్టేసి అసలు మాత్రం. అంతకన్నా పాతదయితే అసలూ వడ్డీ కలిపి, అందులో నాలుగో వంతు తీసేయాలి. బాకీదారులు సంతోషించారు, పావలా తగ్గింది కదా. మిగతా ముప్పావలా కట్టాలి. ఎవరికి? నగరానికి. తాకట్టు పెట్టిన వస్తువులూ పత్రాలూ యూదుడి పెట్టెలోంచి నగరం పెట్టెలోకి మారాయి. చరిత్ర పుస్తకాల్లో దీని పేరు రుణమాఫీ. మాఫీ అయింది రుణం కాదు, రుణమిచ్చినవాడు.

న్యూరెంబర్గ్‌కి ఈ వ్యవహారంలో మిగిలింది ఎనభై వేల గుల్డెన్ల పైచిలుకు. ముప్ఫై ఎనిమిది ఊళ్ళు కలిసి రాజుకిచ్చిన దానికి రెట్టింపు ఒక్క ఊరికి మిగిలింది. జెనోవా నుంచి కుంకుమపువ్వు తెచ్చి అమ్మినా ఇంత లాభం రాదు. దారిలో దొంగలుంటారు, వానలుంటాయి, సుంకాలుంటాయి. ఇక్కడ అవేవీ లేవు. సుంకం వసూలు చేసేదీ, దారి కాసేదీ, దొంగల్ని ఉరితీసేదీ అంతా సభే. ఆ సభలో స్ట్రోమర్ గారు ముందు వరుస.

ఇక అత్త సొమ్ము అల్లుడి దానం కథ. సరిగ్గా అదే 1385లో ఆ చౌకులోనే ఒక అపురూపమైన ఫౌంటెన్ పని మొదలైంది. 1396కి పూర్తయింది. పేరే ‘అందాల ఫౌంటెన్’. గోపురంలా నిటారుగా లేచిన రాతి పని, చుట్టూ నలభై బొమ్మలు. ఏ గుల్డెన్ ఏ రాయికి వెళ్ళిందని మనం అడగం. అది ఖజానా రహస్యం. బొమ్మలు మాత్రం బహిరంగంగానే ఉన్నాయి, లెక్కపెడదాం. రాజుని ఎన్నుకునే ఏడుగురు ఎలెక్టర్ ప్రభువులు. లోకప్రసిద్ధులైన తొమ్మిది మంది వీరులు. వాళ్ళలో యెహోషువ, దావీదు, యూదా మక్కబీ ముగ్గురూ యూదులు. పైన మోషే, ఆయనతో పాటు ఏడుగురు ప్రవక్తలు. ఎనిమిది మందీ యూదులు. అంటే తక్కువలో తక్కువ పదకొండు మంది యూదులకి ఆ చౌకులో శాశ్వత నివాసం ఇచ్చారు, పన్ను లేకుండా, రాజముద్ర అడక్కుండా. ఒకటే షరతు: రాతివాళ్ళై ఉండాలి. రాతి యూదుడికి ఇల్లక్కర్లేదు, వాడు వడ్డీ అడగడు, పద్దు దాచుకోడు. ఊపిరి ఉన్నవాళ్ళు పక్క వీధుల్లో బందీలు.

ఇక మిల్లు సంగతి. ఆయన పేరు నిలబెట్టింది అదే కదా.

అప్పటిదాకా జర్మన్ గుమాస్తాలు రాసే కాగితం ఇటలీ నుంచి వచ్చేది. స్ట్రోమర్ గారు ఇటలీ చూసినవారు, లెక్క వేసినవారు. సభకి కాగితం కావాలి, వ్యాపారానికి కావాలి, ఇంతకుముందు చూసినట్టు యూదుల ఇళ్ళు పంచుకోవడానికీ కావాలి. ఊరి గోడ బయట పెగ్నిట్స్ ఏటి ఒడ్డున ఉన్న పాత మిల్లుని కాగితపు మిల్లుగా మార్చారు. 1390 జూన్‌లో పని మొదలైంది. రెండు నీటి చక్రాలు, పద్ధెనిమిది రోకళ్ళు. పాత నార గుడ్డలు, చింకిపాతలు ఏరి, తడిపి, కుళ్ళబెట్టి రోళ్ళలో వేస్తే రోకళ్ళు పగలూ రాత్రీ దంచుతాయి. పోగు పోగు విడిపోయి గంజిలా అవుతుంది. ఆ గంజిని తొట్టిలో కలిపి, తీగల జల్లెడ చట్రంతో ముంచి ఎత్తి, ఒక్క ఊపు ఊపాలి. ఆ ఊపులోనే ఉంది విద్యంతా. ఎక్కువైతే ఒక పక్క మందం, తక్కువైతే మధ్యలో చిల్లు. తడి రేకుని ఉన్ని గుడ్డ మీద బోర్లించి, దొంతర పెట్టి, మర బిగించి నీరు పిండి, ఆరేసి, సిరా పాకకుండా జిగురు పట్టించాలి. చప్పుడు, కంపు, చలిలో తడి చేతులు. గోడ బయట ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

ఈ విద్య స్ట్రోమర్ గారికి రాదు. తెలిసినవాళ్ళు ఇటలీ నుంచి వచ్చారు. ఫ్రాన్సిస్కస్ డి మార్కియా, అతని తమ్ముడు మార్కస్, వాళ్ళ మనిషి బర్తలోమియస్. రాగానే ప్రమాణం చేయించారు: లొంబార్డీ కొండలకి ఇవతల స్ట్రోమర్ గారికీ వారి వారసులకీ తప్ప ఇంకెవరికీ కాగితం చెయ్యం, ఎవరికీ నేర్పం. చేతిలో ఉన్న విద్యకి సరిహద్దు కొండలు. ఆల్ప్స్ పర్వతాలు ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదు.

వచ్చినవాళ్ళు మాత్రం గొర్రెలు కారు. మిల్లు మేమే అద్దెకి తీసుకుంటాం అన్నారు. ఆయన ఇవ్వలేదు. మూడో చక్రం పెడతానంటే వాళ్ళు అడ్డం తిరిగారు. మాకు తెలిసిన పని మా చెయ్యి మీదుగానే జరగాలని వాళ్ళ పట్టు. వ్యాపారంలో దీన్ని బేరం అంటారు. స్ట్రోమర్ గారు రోజూ చేసేది అదే. కానీ అదే బేరం తడి చేతులవాడు ఆడితే దాని పేరు విశ్వాసఘాతుకం. చివరికి ఆయన వాళ్ళని ఒక బురుజు గదిలో పెట్టి తాళం వేశారు. నాలుగు రోజులు. నాలుగో రోజుకి వాళ్ళు దారికొచ్చి కొత్త ప్రమాణం చేశారు. దీన్నంతా ఆయన తన పుస్తకంలో శుభ్రంగా రాసుకున్నారు, సిగ్గుతో కాదు, రసీదులా. వసూలైన బాకీని ఎవరైనా దాచుకుంటారా!

కూలితో తగవొస్తే న్యాయస్థానానికి వెళ్ళాలి గాని సొంతంగా తాళం వెయ్యడమేమిటని అమాయకులు అడుగుతారు. వెళితే ఎక్కడికి వెళ్ళాలి? ఆ ఊళ్ళో న్యాయం చెప్పేది నగర సభ. సభలో కూర్చున్నది యజమాని, పక్కన వియ్యంకులు, ఎదురుగా బావమరుదులు. ఆయన నేరుగా తాళం వేశారంటే పాపం సభకి ఒక పూట పని తగ్గించారన్నమాట.

ఇక జర్మన్ మనుషుల వంతు. క్లోస్ ఓబ్సెర్ నమ్మకంగా పనిచేస్తానని మాటిచ్చాడు. యోర్గ్ తీర్మాన్ పదేళ్ళు స్ట్రోమర్ గారికి తప్ప ఇంకెవరికీ కాగితం చెయ్యనని ప్రమాణం చేశాడు. పదేళ్ళ తరవాత తన కోసం చేసుకోవచ్చు, వేరొకరికి మాత్రం నేర్పకూడదు. తీర్మాన్ మాట తప్పినట్టు ఎక్కడా లేదు. 1394లో ఆ మిల్లే అతనికి అద్దెకిచ్చారు. ఇటాలియన్లు అడిగి బురుజెక్కిన కోరిక తీర్మాన్‌కి నాలుగేళ్ళకే తీరింది. కాపలా లేకుండా నమ్మదగిన చెయ్యి దొరికాక రోకళ్ళ చప్పుడు భరించడం యజమానికి మాత్రం ఎందుకు?

ఇప్పుడు రెండు ప్రమాణాలు పక్కపక్కన పెట్టండి. తీర్మాన్ అనే పనివాడు పదేళ్ళకి మాటిచ్చాడు, నిలబడ్డాడు. వెంట్సెల్ అనే రాజు 1385లో యూదుల్ని ఒకసారి అమ్ముకున్నాడు, మిగిలినవాళ్ళకి మళ్ళీ అభయమిచ్చాడు, అయిదేళ్ళు తిరిగాయో లేదో 1390 సెప్టెంబర్‌లో రెండోసారి వాళ్ళ బాకీలు రద్దు చేసి అందులో వాటా పుచ్చుకున్నాడు. జూన్‌లో మిల్లు పని మొదలైంది, సెప్టెంబర్‌లో రాజు మాట తప్పాడు. ఒకే వేసవి. మాట మీద నిలబడటం ఎంత ముఖ్యమో బురుజులో పాఠం చెప్పిన పెద్దలు రాజు దగ్గరికి తాళంచెవి పట్టుకుని వెళ్ళలేదు. వెంట్సెల్‌ని 1400లో గద్దె దించారు, నిజమే. దించింది ఎలెక్టర్ ప్రభువులు, వాళ్ళ ఫిర్యాదులు వేరు. చరిత్ర అతనికిచ్చిన బిరుదు ‘సోమరి’. ఒకే జనాన్ని రెండుసార్లు అమ్మినవాణ్ణి సోమరి అనడం అన్యాయం, చాలా చురుకైన మనిషి.

ఈ పాటికి వెనక వరుసలోంచి ఒక పండితుడు లేచి గొంతు సవరించుకుంటూ ఉంటాడు. ‘ఆ కాలం అలాంటిది. ఇవాళ్టి కొలతలతో చూడకూడదు’ అంటాడు. సరే, ఇవాళ్టి కొలత వద్దు. 1349 కొలతే వాడదాం. న్యూరెంబర్గ్‌కి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో రేగెన్స్‌బర్గ్ ఉంది. అదే రాజు, అదే మతం, అదే సంవత్సరం. ఆ ఊళ్ళో 237 మంది పౌరులు ముందుకొచ్చి, మా యూదుల్ని మేము కాపాడతాం అని మాటిచ్చి రాసుకున్నారు. కాపాడారు. అక్కడా పెద్దమనుషులే, అక్కడా వ్యాపారులే. 1519లో ఆ ఊరు కూడా చెడిపోయి యూదుల్ని వెళ్ళగొట్టింది గాని, నూట డెబ్బై ఏళ్ళపాటు ఆ మాట నిలిచింది. కాలం అలాంటిది అనేవాళ్ళు ఆ 237 మందిది ఏ కాలమో చెప్పాలి. కాలానికి నోరు లేదు, అందుకే ప్రతివాడూ దాని మీదికి నెడతాడు.

పండితుడు కూర్చోడు, ఇంకో మాటంటాడు. ‘మిల్లు లేకపోతే కాగితం లేదు, కాగితం లేకపోతే ఆ తరవాత అచ్చుపుస్తకం లేదు, విద్య లేదు.’ ఒప్పుకున్నాం. కాగితం మంచిదే. చక్రాలు తిప్పింది ఏరు, గుడ్డలు ఇచ్చింది ఊళ్ళో బీదాబిక్కీ, ఊపు తెలిసింది ఫ్రాన్సిస్కస్‌కి, పదేళ్ళు తడిసింది తీర్మాన్. స్ట్రోమర్ గారు పెట్టుబడి పెట్టారు, అది కూడా పనే. కానీ అన్ని చేతులు తడిసిన పనికి ఒక్క పేరు మిగిలిందంటే దానికి కారణం, పుస్తకం రాసింది ఆయన కాబట్టి. ఆ ముగ్గురు ఇటాలియన్లలో ఒక్కడైనా తన పుస్తకం రాసుకుని ఉంటే, ఆ బురుజు గది కొలతలు, కిటికీ ఉందో లేదో, అన్నం పెట్టారో లేదో, ఇవాళ మనకు తెలిసేది. కాగితం తయారుచేసేవాడికి రాసుకోవడానికి కాగితం మిగలదు.

1407లో ప్లేగు వచ్చింది. ఆయన ముందు అందరూ చేసినట్టు అది ఏ ప్రమాణమూ చెయ్యలేదు. తీసుకుపోయింది.

వంశానికి మాత్రం ఢోకా లేదు. 1493లో షెడెల్ గారి ప్రపంచ చరిత్ర అచ్చయినప్పుడు న్యూరెంబర్గ్ బొమ్మలో కింద కుడి మూల ఆ మిల్లు చక్కగా కనిపిస్తుంది. ఊరి గోడలున్నాయి, కోట ఉంది, మిల్లు ఉంది, మిల్లులో మనుషులు లేరు. 1499కల్లా యూదుల్ని ఊరినుంచే పూర్తిగా పంపేశారు. 1850 దాకా ఒక్క యూదుడికి కూడా అక్కడ పౌరసత్వం దొరకలేదు. 1506–1509 మధ్య, ప్రార్థనా మందిరం స్థానంలో లేచిన చర్చి ముఖాన ఒక గడియారం బిగించారు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి చార్ల్స్ చక్రవర్తి బొమ్మ కూర్చుని ఉంటే ఏడుగురు ప్రభువుల బొమ్మలు చుట్టూ తిరుగుతాయి. ఇప్పటికీ తిరుగుతున్నాయి. 1521లో నగర భవనంలో నాట్యం చేసే అర్హత ఏయే కుటుంబాలకి ఉందో సభ జాబితా రాసింది. నలభై రెండు కుటుంబాలు, స్ట్రోమర్లు పై వరుసలో. 1806లో బవేరియా ఆ ఊరిని మింగేదాకా సభలో వాళ్ళ కుర్చీ ఖాళీ కాలేదు. 1933లో ఆ చౌకుకి కొత్త పేరు పెట్టారు, అడాల్ఫ్ హిట్లర్ చౌకు. అన్ని ఊళ్ళలోనూ పెట్టారు గాని, 562 మంది బూడిద మీద వేసిన చౌకుకి అంత సరిపోయే పేరు ఇంకెక్కడా కుదిరి ఉండదు. 1945లో ఆ పేరు తీసేశారు. ఇప్పుడు డిసెంబర్ వస్తే అక్కడ క్రిస్మస్ సంత. యాలకులూ లవంగాలూ వేసి మరిగించిన వైన్ తాగి, ఫౌంటెన్ కటకటాలకున్న ఉంగరం తిప్పి కోరిక కోరుకుంటారు. డిసెంబర్ 5న కూడా తిప్పుతారు.

1990లో జర్మన్ కాగితానికి ఆరువందల ఏళ్ళ పండగ చేశారు. 2090లో ఏడువందలది వస్తుంది. ఇంకా వ్యవధి ఉంది కాబట్టి నిర్వాహకులకి ఒక సూచన. ఉత్సవం మొదలయ్యేముందు వేదిక మీదున్న పెద్దలందరినీ నిలబెట్టి, స్ట్రోమర్ గారి సంప్రదాయం ప్రకారమే ప్రమాణం చేయించాలి. పదేళ్ళపాటు ఫ్రాన్సిస్కస్, మార్కస్, బర్తలోమియస్, తీర్మాన్ పేర్లు చెప్పకుండా ఉల్మాన్ స్ట్రోమర్ పేరు ఎత్తం. 562 అన్న అంకె చెప్పకుండా ఆ చౌకు అందాన్ని పొగడం. ఎనభై వేల గుల్డెన్లు ఎవరివో చెప్పకుండా ఆ ఊరి వ్యాపార దక్షత గురించి ఉపన్యసించం. ఈ విద్య ఇతరులకి నేర్పకుండా ఉండం.

ఎవరైనా మొండికేస్తే బురుజు గది ఎలాగూ ఉంది. నాలుగు రోజులు చాలు. అనుభవం మీద తేలిన లెక్క, ఆయన పుస్తకంలోనే ఉంది.